పులికాట్ రాళ్ళ మీది నీలిపిట్ట

పులికాట్ అనగానే అందరికీ ఫ్లెమింగోలే గుర్తొస్తాయి. పొడుగు కాళ్ళ గులాబీ పక్షులు, బారులు తీరి నీళ్ళలో నిలబడి ఉంటాయి. వాటి ఫొటో లేని క్యాలెండరు మా జిల్లాలో లేదు కాబట్టి వాటి గురించి నేను రాయను. నేను పోయింది మైనా అంత కూడా లేని ఒక పిట్ట కోసం. అది నీళ్ళలో దిగదు, గుంపులో చేరదు, సముద్రం ఒడ్డున రాయి మీద ఒంటరిగా కూర్చుంటుంది. దాన్ని చూసి వచ్చాను. చూడటమే కాదు, చూపించి వచ్చాను. ఆ రెండో మాట చెప్పుకోవడానికే ఇంత రాస్తున్నాను, దాచడమెందుకు.

చిత్తూరు బజారులో మాది మ్యాచింగ్ సెంటరు. మీరు చీర తెస్తే దానికి సరిపడే జాకెట్టు గుడ్డ, లంగా గుడ్డ తీసి ఇస్తాం. గల్లాపెట్టె దగ్గర మా ఆయన ఖాదర్ కూర్చుంటాడు, రంగులు చూసేది నేను. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పిట్టలు చూడటం మొదలుపెట్టి, ఇప్పుడు పిట్టల కోసమే మిద్దె ఎక్కే స్థితికి వచ్చాను. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నాలాంటి పిచ్చివాళ్ళం కొందరం కలిసి ఫోన్లో ఒక గుంపు పెట్టుకున్నాం. ఈ ఏడు మన తీరం పిట్టలతో ఒక గోడపటం అచ్చు వేయించి బడులకు పంచాలని అనుకున్నాం.

పోయినేడు చలికాలంలో సూళ్ళూరుపేటలో బంధువుల పెళ్ళికి పోయినప్పుడు, పడవెక్కి సరస్సు సముద్రంలో కలిసే చోటికి పోయాం. అక్కడ అలల కోతకు అడ్డంగా పోసిన నల్లరాళ్ళ కట్ట మీద ఒక నీలం పిట్ట కనిపించింది. పుస్తకంలో బ్లూ రాక్ థ్రష్ అని ఉంటుంది, నేను నీలి రాతిపిట్ట అంటాను. ఫోనుతో తీసిన ఫొటోలో మాత్రం అది బొగ్గుముక్కలా పడింది. పటంలో దీన్ని కూడా వేయాలని గుంపులో పెట్టాను. పటం పెత్తనం మునిరత్నం నాయుడన్న చేతిలో ఉంది. వడమాలపేట దగ్గర మామిడి తోట రైతు, పిట్టల విషయంలో మా అందరికీ గురువు లాంటివాడు. ఆయన ఫొటో చూసి ఒక్క మాటలో తేల్చేశాడు.

"అది నల్లంచి, ముంతాజమ్మా. మీ మిద్దె మీద కూడా ఉంటాది సూడు."

నల్లంచి అంటే ఇళ్ళ చుట్టూ తోక పైకెత్తుకుని తిరిగే నల్ల పిట్ట. దాన్నీ దీన్నీ పోల్చుకోలేనా నేను? ఆ కిందనే ఇంకెవరో, "గుడ్డల రంగులు వేరు, పిట్టల రంగులు వేరు అక్కా" అని నవ్వు బొమ్మ పెట్టారు. ఆ నవ్వు బొమ్మ నాకు అన్నం సయించనివ్వలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మధ్య ఒక పెళ్ళికూతురి తల్లి, నేను తీసిచ్చిన జాకెట్టు గుడ్డ చీరకు కలవలేదని తిరిగి తెచ్చి బల్ల మీద పడేసింది. ఆమె దాన్ని ఏ లైటు కింద చూసిందో ఆమెకే తెలియాలి. కానీ ఆ రోజు నుంచి మా ఆయన ఒక అలవాటు చేసుకున్నాడు. నేను రంగు చూసి గుడ్డ తీసి పెడితే, నేను అటు తిరగగానే దాన్ని మెల్లగా వీధిలోకి తీసుకుపోయి ఎండలో మళ్ళీ చూసుకుంటాడు. ఒక్క మాట అనడు. అననందుకే నాకు ఎక్కువ కోపం. యాభై దాటిన ఆడదాని కంటి మీద కట్టుకున్నవాడికే నమ్మకం పోతే, బజారుకు మాత్రం ఎందుకుంటుంది? లోపల్లోపల నాకే అనుమానం పట్టుకుంది, నా కన్ను నిజంగానే మోసం చేస్తోందేమోనని.

అందుకే నాయుడన్నకు ఫోన్ చేసి పందెం వేశాను. పటం అచ్చుకు పోయేలోపల వచ్చి కంటితో చూడమన్నాను.

"సూపిస్తివా, అందరికంటే పెద్ద బొమ్మగా ఏపిస్తా" అన్నాడు.

"చూపించలేకపోతే?"

"ఇంకెప్పుడూ నన్ను అడక్కుండా పిట్టకు పేరు పెట్టబాకు."

సరే అన్నాను.

పాకాల

శనివారం తెల్లవారుతూనే మా పాత కారులో బయలుదేరాం. మా ఆయనకు పిట్టల మీద ఇష్టం లేదు, ప్రయాణాల మీద ఉంది, ముఖ్యంగా ప్రయాణాల్లో తినే వాటి మీద ఉంది. వెనక సీట్లో ఖుష్కా అన్నం గిన్నె, కోడికూర గిన్నె తువ్వాలుతో కట్టి పెట్టుకున్నాడు. వాటి పక్కన నా చేతిసంచి. అందులో బైనాక్యులర్సుతో పాటు అంగట్లో ఉన్న నీలాలన్నింటిలోనూ ఒక్కో ముక్క కత్తిరించి గుండుసూదికి గుచ్చి పెట్టుకున్నాను. ఇంక్ బ్లూ, నేవీ, నెమలి కంఠం, మైలుతుత్తం రంగు, ఇంకా పేరు లేనివి కొన్ని. పిట్ట కనిపిస్తే దాని రంగు ఏదో నోటితో చెప్పి ఊరుకోకూడదని నా పట్టుదల.

పాకాలలో టీకి ఆగాం. నేను పుట్టింది ఈ ఊర్లోనే. రైల్వే స్టేషను దారిలో మా నాన్నకు టైలరు అంగడి ఉండేది. రెండు రైళ్ళ మధ్య దిగినవాళ్ళు కూడా గుడ్డ కొలతలిచ్చి పోయేవాళ్ళు. ఎవరైనా దారం రంగు అడిగితే నాన్న అంగట్లో నిలబడి చెప్పేవాడు కాదు. గుడ్డను, దారాన్ని రెండింటినీ మెట్టు కిందికి తీసుకుపోయి, ఎండకు వీపు పెట్టి నిలబడి చూసేవాడు. లోపల లైటు అబద్ధం ఆడుతుంది, ఎదురెండ కన్ను పొడుస్తుంది, వీపు మీది ఎండే నిజం చెబుతుంది అనేవాడు. నేను ఇప్పటికీ ఆ పద్ధతే. ఆ అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. టీ పది రూపాయలే, చిత్తూరులోనూ అంతే, కానీ గ్లాసు చిక్కిపోయింది.

వడమాలపేట

టోల్ గేటు దాటాక రోడ్డు పక్కనే నాయుడన్న నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, మెడలో బైనాక్యులర్సు, చేతిలో ఇత్తడి క్యారియరు. కారెక్కుతూనే ముక్కు ఎగరేశాడు.

"ఏందప్పా ఖాదరూ, కోడికూరా? ఈపొద్దు శనివారం గదా."

మా పక్క శనివారం చాలామంది ముక్క ముట్టరు, కొండ మీది స్వామి రోజు అది. నాయుడన్న ఆ నియమంలో ఉక్కులాంటి మనిషి. మా ఆయన గిన్నె మూత ఇంకాస్త గట్టిగా బిగించి, "మీకు వాసన రాకుండా కట్టేస్తా లే అన్నా. మీరు రేపు తిందురు" అన్నాడు.

"రేపటికి ఉంటాదా అది?"

"ఉండదు. రేపటికి అక్కడ రొయ్యలు ఉంటాయి."

నాయుడన్న క్యారియరులో పులిహోర, వాళ్ళ తోట మామిడికాయ ఊరగాయ ఉన్నాయి. ఊరగాయ మాకూ పెట్టాడు. మనిషి మొండివాడే కానీ చెయ్యి పెద్దది. దారి పొడుగునా తీగల మీద కూర్చున్న ప్రతి పిట్ట పేరూ చెప్పాడు, ఒక్కటీ తప్పు చెప్పలేదు. అలాంటివాడితో పందెం ఎందుకు వేశానా అనుకున్నాను.

సత్యవేడు

పుత్తూరు, నాగలాపురం దాటి సత్యవేడులో పరోటాలకు ఆగాం. ఇక్కడికి వచ్చేసరికి బోర్డుల మీద తమిళం, నోట్లో తమిళం, పరోటా మీద పోసే సాల్నాలో సోంపు మొదలవుతాయి. మాకు ఖుష్కా ఉండగా పరోటాలెందుకని అడిగితే మా ఆయన ఇంకో రెండు పరోటాలు చెప్పాడు.

పక్క బల్ల మీది పెద్దమనిషి మా మెడల్లోని బైనాక్యులర్సు వంక చూసి చూసి, చివరికి కుర్చీ లాక్కుని వచ్చాడు.

"ఏ కంపెనీకి సర్వే అప్పా?"

ఈ చుట్టుపక్కల భూములకు గిరాకీ వచ్చినప్పటి నుంచి, దూరం చూసే వస్తువు చేతిలో ఉంటే సర్వేవాళ్ళనే లెక్క. పిట్టను చూడటానికి పోతున్నామని నాయుడన్న చెప్పాడు.

"ముగ్గురు పోతా ఉండారు. ఒక్క పిట్టకా?"

"ఒక్క పిట్టకే."

ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించాడు. "చెప్పకూడదంటే చెప్పద్దులే. రోడ్డు పక్కనే నాలుగెకరాలు ఉండాది. మీ పెద్దోళ్ళకు చెప్పండి." తన నంబరు మా ఆయన చేత ఫోన్లో ఎక్కించి కానీ వదల్లేదు. ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.

కుప్పం

ఈ తీరంలో జాలర్ల పల్లెను కుప్పం అంటారు. తడ దాటి, కారు ఒడ్డున పెట్టి, పడవలో సరస్సు దాటి మేం చేరింది అలాంటి ఒక కుప్పానికే. ఒక వైపు సరస్సు, ఒక వైపు సముద్రం, మధ్యలో ఇసుక మీద ఇళ్ళు. పోయినేడు మాకు మంచినీళ్ళిచ్చిన పొన్నమ్మ ఇంటికి తిన్నగా పోయాం. ఆమె నన్ను చూస్తూనే గుర్తుపట్టింది.

"పిట్టల అక్క గదా. మళ్ళీ వచ్చినావా? ఈ తూరి కరువాడు కొనకుండా పోనీను."

కరువాడంటే ఎండుచేప. పొన్నమ్మ భర్త వేటకు పోతాడు, ఆమె చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఇంటి వెనక నుంచి రాళ్ళ కట్ట దాకా ఇసుకలో వలలు పరిచి వాటి మీద చేపలు ఆరబోస్తారు. ఏ జాగా ఎవరిదో తెలియడానికి ప్రతి ఇంటివాళ్ళూ హద్దు రాళ్ళకు తమ పాత వల పీలికలు కడతారు. ఒకరిది ఆకుపచ్చ, ఒకరిది ఎరుపు. మా ఊర్లో చాకలి బట్టలకు పెట్టే గుర్తు లాంటిదే. మా దగ్గర గుర్తు కోసం గొడవలు అవుతాయి, ఇక్కడ అవ్వవట. ఒకరి పీలిక ఇంకొకరు ముట్టుకోరు, గాలికి పోయినా తెచ్చి కట్టేస్తారు.

ఆ సంగతి నాకు ఆ సాయంత్రం తెలిసి ఉంటే బాగుండేది.

పొద్దు వాలుతుండగా ముగ్గురం కట్ట దగ్గరికి పోయాం. చూస్తూ చూస్తూ ఉన్నాను. దూరంగా ఒక పెద్ద రాయి కొసన నీలంగా ఏదో కదిలింది. "అన్నా, అదుగో, కొసన" అన్నాను. నాయుడన్న బైనాక్యులర్సు ఎత్తాడు. ఎత్తినవాడు చాలాసేపు దించలేదు. నాకు లోపల గంతులేయాలని ఉంది. మెల్లగా దించి, కళ్ళద్దాలు తుడుచుకుని అన్నాడు.

"రంగు నీలమే, ముంతాజమ్మా. ఒప్పుకుంటా. ముడి కూడా బాగానే ఏసినారు."

పొన్నమ్మ ఇంటి గుర్తు నీలం పీలిక. అది గాలికి ఆడుతోంది.

నాయుడన్న పెద్దగా నవ్వలేదు, మర్యాదస్తుడు. నవ్వినా బాగుండేది. మా ఆయన నా వైపు చూసి, వెంటనే సముద్రం వైపు తిరిగి, అలలు బాగున్నాయన్నాడు. వీధిలోకి గుడ్డ తీసుకుపోయేటప్పుడు కూడా ఆయన ముఖం అలాగే ఉంటుంది. నైలాను ముక్కను పిట్ట అనుకున్నాను, గుడ్డల మధ్య బతికే మనిషిని. రాత్రికి పొన్నమ్మ ఇంట్లోనే ఉన్నాం, ఆ పూట ఆమె వండిన ఎండ్రకాయల పులుసు ఎంత బాగుందో మా ఆయన చెప్పాలి, నా నాలుకకు మాత్రం తెలియలేదు. శనివారం కదా, నాయుడన్న మజ్జిగన్నం తిన్నాడు.

రాళ్ళు

ఆదివారం పొద్దున పొన్నమ్మ చేపలు ఆరబోసి, మమ్మల్ని తన తాటాకు పందిరి కింద కూర్చోబెట్టింది. ఊరికే కాదు. నా చేతిసంచిలోంచి రంగు ముక్కలు తొంగిచూడటం ఆమె కంట పడింది. ఇంట్లోకి పోయి ఒక పట్టుచీర పట్టుకొచ్చింది, తమ్ముడి పెళ్ళికి పెట్టిన చీర, సరైన జాకెట్టు దొరక్క మడతలోనే ఉంది. దానికి రంగు చూసి పెట్టమంది. చూసి చెప్పాను, గుడ్డ పంపిస్తానన్నాను. దానికి బదులుగా పందిరి ఇచ్చింది, ఒక పని కూడా అప్పగించింది.

"నేను నీళ్ళకు పోయొస్తా. కాకులు కరువాడు ఎత్తుకపోకుండా సూసుకోండి. సార్, ఈ కర్ర పట్టుకో."

కర్ర నాయుడన్న చేతికి వచ్చింది. మా అందరి గురువు, తెల్ల పంచెలో, ఎండుచేపలకు కాపలా.

కాసేపటికే చిక్కు అర్థమైంది. చేపల మీద ఈగలు, పురుగులు ముసురుతున్నాయి. వాటి కోసం రాళ్ళ మీదికి పిట్టలు దిగుతున్నాయి. చేపల కోసం కాకులు దిగుతున్నాయి. హుష్ అంటే పిట్ట పోతుంది, అనకపోతే కరువాడు పోతుంది. నాయుడన్న నోరు తెరవకుండా కర్ర మాత్రం అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాడు. ఒక కాకి ఆ కర్ర అందే దూరంలోనే దిగి, పెద్ద చేపనొకదాన్ని ఎంచుకుని మరీ ఎత్తుకుపోయింది.

"పొన్నమ్మకు చెప్పబాకండి" అన్నాడు.

అప్పుడే అది వచ్చింది. ఎక్కడి నుంచో తెలియదు. ఒక రాయి మీద లేదు, తర్వాత ఉంది. నిటారుగా కూర్చుని, ఒకసారి ఒంగి లేచింది. కిందికి దూకి చేపల పక్కన ఏదో పురుగును పట్టుకుని మళ్ళీ అదే రాయి ఎక్కింది. ఈసారి అది వల పీలిక కాదు.

నాయుడన్న చూశాడు. మా ఎదురుగా సముద్రం, సముద్రం మీద ఇంకా పైకెక్కని సూర్యుడు, మధ్యలో పిట్ట. నేను కూడా చూశాను. నల్లగా ఉంది. పోయినేడు ఫొటోలో ఉన్నట్టే, బొగ్గులా.

"నల్లంచి" అన్నాడు నాయుడన్న.

"తోక ఎత్తలేదు కదన్నా."

"ఎత్తుతాది. కొంచేపు ఓర్సుకో. రెక్క మీద తెల్లమచ్చ మూసుకోనుండాది, ఎగిరితే కనపడతాది."

ఎగిరింది. మచ్చ కనపడలేదు. ఎండ కళ్ళల్లో కొట్టిందన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆయన, నాలుగో కాలు ఆయన చేత్తోనే పట్టించాలి.

ఎండ కళ్ళల్లో కొట్టిందనే మాట దగ్గర నాకు పాకాల గుర్తొచ్చింది. అబ్బ, ఎంత మతిమరుపు నాది. ఎదురెండలో కూర్చుని రంగు గురించి వాదిస్తున్నాను. ఇదే మనిషి చీర తెచ్చి ఇలా కూర్చుని రంగు అడిగితే, ముందు లేచి ఇటు రమ్మనేదాన్ని కదా.

"అన్నా, చీరనైతే ఎండలోకి తీసుకుపోతాం. పిట్టను తీసుకుపోలేం. మనమే పోవాల" అన్నాను.

"యాడికి?"

"కట్టకు అవతలికి. సముద్రం వైపుకు. ఎండ మన వీపు మీద పడాల."

కట్ట అవతల నిలబడటానికి నేల లేదు. రాళ్ళ మీద నుంచే పోవాలి, వాటి మీద పాచి, కింద అలలు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకున్నాను. నాయుడన్న పంచె ఎగ్గట్టాడు, కర్ర వదల్లేదు. ఆశ్చర్యంగా మా ఆయన కూడా లేచాడు. "నువ్వెందుకు, కరువాడు చూసుకో" అన్నాను. "ఒక చేప ఎట్లాగూ పోయింది" అని నా వెనకే వచ్చాడు.

పిట్టకు దూరంగా, చుట్టూ తిరిగి, వంగి వంగి పోయాం. నా వెనక రాయి కదిలిన చప్పుడు, ఆ తర్వాత గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించాయి. వెనక్కి చూస్తే మా ఆయన రెండు రాళ్ళ మధ్య ఒక కాలు ఇరుక్కుని కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది. నేను నోరు తెరవబోతే వేలు పెదాల మీద పెట్టుకుని, తలతో ముందుకు చూపించాడు.

ముందుకు చూశాను.

పిట్ట అక్కడే ఉంది. మా వీపుల మీద ఎండ, దాని ముఖం మీద ఎండ. అది నీలం. తల నుంచి తోక దాకా, పలక మీద సిరా పూసి ఆరబెట్టినట్టు, మెత్తని, పాత నీలం. రెక్కల అంచులు మాత్రం ముదురు. ముక్కు పొడుగ్గా, తోక కిందికే. కంటి చుట్టూ ఎండ మెరుస్తోంది. నా కన్ను నన్ను మోసం చేయలేదు. పోయినేడూ చేయలేదు, ఇప్పుడూ చేయలేదు. నాకు ఏడుపొచ్చింది. వస్తే రానీ అని తుడుచుకోకుండా చూస్తూ ఉన్నాను, తుడుచుకుంటే చెయ్యి కదులుతుందని.

ముందు మాట్లాడింది నాయుడన్న కాదు. కాలు రాళ్ళలో పెట్టుకుని కూర్చున్న మా ఆయన.

"నీలం" అన్నాడు, గొంతులోనే. "ఇంక్ బ్లూ కాదు. దానికంటే ఒక్క ఛాయ తక్కువ."

ముప్పై ఏళ్ళుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు, రంగు గురించి నా ముందు నోరు విప్పడం అదే మొదలు. సంచిలోంచి గుండుసూదికి గుచ్చిన ముక్కలు తీశాను. ఆయన చెప్పింది నిజమే. ఇంక్ బ్లూ పక్కది, పేరు లేని టూ బై టూ జాకెట్టు గుడ్డ ముక్క, నాలుగైదేళ్ళుగా ఎవరూ కొనకుండా పై అరలో పడి ఉన్న గుడ్డ తానులోది. దాన్ని వేళ్ళతో పట్టుకుని చెయ్యి చాపి, కంటికి పిట్ట పక్కనే కనిపించేలా పెట్టాను. రెండూ ఒకటే.

నాయుడన్న బైనాక్యులర్సు దించి, ఉత్త కంటితో చూశాడు. మళ్ళీ ఎత్తాడు. ఎంతసేపు చూశాడంటే, ఒక అల వచ్చి పంచె నడుము దాకా తడిపినా కదల్లేదు. పిట్ట ఒకసారి ఒంగి లేచి, రెక్కలు విప్పి కట్ట చివరికి పోయింది. తెల్లమచ్చ లేదు.

"నేను తప్పు, ముంతాజమ్మా" అన్నాడు ఆయన. "ఇన్నేండ్లుగా ఈ తీరానికి వచ్చి, ఒడ్డు మీదనే కూర్సోని ఎండకు ఎదురుగానే సూసి పోయినాను. ఎన్నిసార్లు సూసి నల్లంచి అనుకున్నానో." చెయ్యి చాపాడు. "ఆ ముక్క ఇట్లియ్యి."

"ఎందుకు?"

"బొమ్మలేసేవాడికి పంపాల. నోటితో సెప్తే వాడు నెమలిని ఏసి పెడతాడు."

అప్పుడు గుర్తొచ్చింది మా ఆయన కాలు. ఇద్దరం పట్టి బయటికి లాగాం. చీలమండ బోండాలా ఉబ్బిపోయింది. ఎందుకు అరవలేదని తిట్టాను.

"అరిస్తే పిట్ట పోయేది కదా" అన్నాడు. "నీ పిట్ట."

ఇంక తిట్టలేకపోయాను. తిట్టడానికి మాట రాని రోజు నా కాపురంలో ఇంకోటి లేదు.

పొన్నమ్మ వచ్చి చేపలు చూసుకుంటూ, "ఒకటి తక్కువ ఉండాది" అంది. నాయుడన్న తడి పంచె పిండుకుంటూ, "దానికి బదులు ఐదు కిలోలు కొంటాను తల్లీ" అన్నాడు. కొన్నాడు కూడా. చిత్తూరులో ఆ డబ్బుకు సగం కూడా రాదు, అందులో సగం ఇసుకే ఉంటుంది. మధ్యాహ్నం పొన్నమ్మ రొయ్యలు వేపితే, ఆదివారం కాబట్టి నాయుడన్న మూడోసారి కూడా కంచం చాపాడు. నేనూ తిన్నాను. అంత రుచిగల రొయ్యలు నేనెక్కడా తినలేదు, నిన్నటి పులుసు కూడా ఇంతే బాగుండి ఉంటుందని అప్పుడు బాధపడ్డాను.

పుత్తూరు

తిరుగుదారిలో కారు నాయుడన్న నడిపాడు. విరిగిన ఎముకకు, బెణికిన కాలికి కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం పుత్తూరు వస్తారు. మాకైతే అది దారిలోనే తగిలింది.

"చూశారా, ఎక్కడ పడాలో తెలిసి పడ్డాను" అన్నాడు మా ఆయన.

కట్టు కట్టే ఆయన ఆకు పసరు పూస్తూ ఎలా జరిగిందని అడిగాడు. సముద్రం ఒడ్డున రాళ్ళ మీద పిట్టను చూస్తుండగా అని చెప్పాడు మా ఆయన. కట్టేవాడు ఒక క్షణం చెయ్యి ఆపి, నా వైపు చూశాడు. ఎముకలు విరగ్గొట్టుకునే కారణాలు ఆయన ఎన్నో విని ఉంటాడు, మళ్ళీ పసరు పూయసాగాడు. కారంతా ఎండుచేపల వాసన వడమాలపేట దాకా వచ్చింది. అక్కడ నాయుడన్న తన ఐదు కిలోలూ దించి, మమ్మల్ని చిత్తూరులో దింపి బస్సెక్కినా, వాసన మాత్రం మాతోనే ఉండిపోయింది.

అంగడి

పటం అచ్చయి వచ్చింది. నీలి రాతిపిట్ట మధ్యలో, అన్నిటికంటే పెద్దగా ఉంది. బొమ్మవాడు ఆ ముక్కను పక్కన పెట్టుకునే రంగు కలిపాడట, తేడా లేదు. గుంపులో నవ్వు బొమ్మ పెట్టిన మనిషి ఈసారి చప్పట్ల బొమ్మ పెట్టాడు. పొన్నమ్మకు జాకెట్టు గుడ్డ పంపించాను, ఫొటోలో చీర కట్టుకుని రాళ్ళ ముందు నిలబడింది. ఎండ ఆమె ముఖం మీదే ఉంది.

ఒక పటం తెచ్చి అంగట్లో తానుల మధ్య గోడకు తగిలించాను. మొన్న ఒక తల్లీకూతురూ వచ్చారు. కూతురు చీర బల్ల మీద పెట్టి, తల ఎత్తి పటం చూసి, "ఆ పిట్ట రంగులో ఉంటే సరిపోతుంది కదా అక్కా" అంది. పై అరలో ఏళ్ళుగా అమ్ముడుపోని తాను దింపాను. చీర కొంగు, గుడ్డ కొస రెండూ పట్టుకుని మెట్టు కిందికి దిగి, ఎండకు వీపు పెట్టి చూశాను. కలిసింది. లోపలికి వచ్చి బల్ల మీద పెట్టాను.

మా ఆయన లేచి నిలబడ్డాడు. కట్టు విప్పేసి చాలా రోజులైంది, నడవలేక కాదు. వీధి వైపు చూడలేదు. గుడ్డ అందుకుని, "మీటరా, ఎనభై సెంటీమీటర్లా?" అని ఆ అమ్మాయిని అడిగి, కత్తెర పెట్టాడు.